మూడో పేరు

పదహారో భాగం

మార్త చేతికి ఆ కవరు వచ్చి వారమైంది. ఏడేళ్ళుగా ఎక్కడున్నాడో, అసలు ఉన్నాడో లేదో తెలియని కొడుకు ఉన్నాడని చెప్పింది ఆ కవరే. ఉండటం కూడా ఎక్కడో కాదు, ఢిల్లీలోనే. పదకొండు నెలల కిందట ఓ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరాడట. మునిర్కాలో అద్దె గదిలో ఉంటున్నాడట. ఆర్.కె. పురంలోని మార్త క్వార్టర్ నుంచి ఔటర్ రింగురోడ్డు దాటితే మునిర్కా. క్యాజువాల్టీలోకి స్ట్రెచర్ వచ్చిన ప్రతిసారీ దుప్పటి తొలగించి మొహం చూస్తే తప్ప ఊపిరి పీల్చుకోలేని ఆ నర్సుకి, తాను వెతుకుతున్న మొహం రోడ్డుకి అవతలి పక్కనే అన్నం తిని పడుకుంటోందని తెలిసింది.

కాని ఆ కాగితం తల్లికి కొడుకు కబురు చెప్పడానికి రాలేదు.

ఈ విషయంలో సర్కారు నిబంధన సూటిగా ఉంటుంది. తల్లికో తండ్రికో ప్రభుత్వం క్వార్టర్ ఇచ్చి, ప్రభుత్వోద్యోగం చేసే కొడుకు అందులోనే ఉంటే, ఆ కొడుక్కి ఇంటద్దె అలవెన్సు రాదు. కూతురు పెర్సిస్ లాగా ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసేవాళ్ళు ఇంట్లో ఉన్నా పేచీ లేదు. కొడుకు లెవితోనే పేచీ. తాను అద్దెకుంటున్నానని రాసిచ్చి వాడు అలవెన్సు తీసుకుంటున్నాడు. ఇటు మార్త పనిచేసే హాస్పిటల్లో, క్వార్టర్లో ఎవరెవరు ఉంటున్నారో చెప్పే ఫారంలో మూడో పేరు లెవిది. ఏటా ఏప్రిల్లో ఆ ఫారం నింపేది మార్తే. ఇంట్లో ఉండేది ఇద్దరు, ఫారంలో ఉండేది ముగ్గురు. రెండేళ్ళ కిందట భర్త సాలొమోను పోయినప్పుడు ఆయన పేరు కొట్టెయ్యడానికి చెయ్యి వణకలేదు. కొడుకు పేరు మాత్రం ప్రతి ఏడూ గుండ్రటి అక్షరాలతో కొత్తగా రాస్తూనే వచ్చింది.

ఇప్పుడు అలవెన్సుల తనిఖీలో ఆ రెండు కాగితాలూ ఎదురుపడ్డాయి. తల్లి రాసింది నిజమైతే కొడుకు దొంగ సర్టిఫికెట్ ఇచ్చినట్టు. ఇంకా ప్రొబేషన్ కూడా పూర్తికాని ఉద్యోగం ఊడుతుంది. కొడుకు రాసింది నిజమైతే తల్లి ఏడేళ్ళుగా అబద్ధం రాసినట్టు. రిటైర్మెంటు రెండేళ్ళుందనగా మెమో వస్తుంది, క్వార్టర్ పోయినా పోవచ్చు. తేల్చడానికి లెవి ఆఫీసు నుంచి ఒక అధికారి శనివారం పదకొండు గంటలకి ఇంటికొచ్చి చూస్తారని ఆ కవరులో ఉంది.

ఇవాళ శనివారం. గడియారం పదింబావు చూపిస్తోంది.

"మమ్మీ, అభీ భీ టైమ్ హై. వో కమరా ఖాళీ కర్ దో," అంది పెర్సిస్ లెవి గది గుమ్మంలో నిలబడి, ఆ గది ఖాళీ చెయ్యమంటూ. ఇరవయ్యారేళ్ళ పిల్ల. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది.

మార్త మంచం మీద దుప్పటి అంచులు లాగి పరుపు కిందికి దోపుతోంది. హాస్పిటల్ బెడ్డుకి చేసినట్టే, నాలుగు మూలలూ పదునుగా. శనివారం శనివారం ఆ దుప్పటి మార్చాల్సిందే. ఎవరూ పడుకోని మంచానికి వారం వారం ఉతికిన దుప్పటి ఏమిటని సాలొమోను బతికుండగా ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఆ పేరు ఎత్తాల్సి వస్తుంది.

"ఎప్పుడెట్టా ఉందో అట్టాగే ఉంటది," అంది మార్త.

"వో ఆద్మీ దేఖేగా తో క్యా సోచేగా?"

"ఏమనుకుంటాడు? మా అబ్బాయి గదనుకుంటాడు."

"యహీ తో ప్రాబ్లమ్ హై, మమ్మీ!" పెర్సిస్ నెత్తి కొట్టుకుంది. బీరువాలో బట్టలన్నీ రెండు సంచుల్లో కుక్కి కింది ఫ్లోరు నేహా ఆంటీ ఇంట్లో పెట్టొస్తానంది. పది నిమిషాల పని అంది. లెవి ఇక్కడ ఉండడంలేదని ఒక్క మాట చెప్పెయ్యమంది. మార్త వినిపించుకోనట్టే దిండు గలీబు తొడిగింది.

కూతురు చెప్పేదే నిజం. కాని ఆ గదిలోంచి ఒక్క సాక్సు జత తీసినా ఏదో అయిపోతుందని ఏడేళ్ళుగా ఒక భయం. ఏమవుతుందో ఆమెకే తెలియదు. డ్యూటీ నుంచి వచ్చి తాళం తీసేటప్పుడు లోపల ఎవరో కుర్చీ జరిపినట్టు వినిపిస్తుంది. చలికాలం కిటికీలన్నీ మూసి ఉన్నప్పుడు ఆ గదిలోంచి కొబ్బరినూనె వాసన వస్తుంది. వీటిని పోగొట్టుకోవడం ఇష్టం లేదు, అంతే.

ఈ వారంలో రెండుసార్లు మునిర్కాకి బయల్దేరింది. మంగళవారం ఫుట్‌ఓవర్ బ్రిడ్జి మెట్ల దాకా వెళ్ళింది. గురువారం బ్రిడ్జి మధ్య దాకా వెళ్ళింది. అవతల ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ నాలుగంతస్తుల ఇళ్ళు, డాబాల మీద నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు. వాటిలో వాడి తువ్వాలు ఏదో! వాడు తలుపు తీసి "ఎవరు కావాలి?" అంటే ఏం చెప్పాలో తోచక రెండుసార్లూ తిరిగొచ్చేసింది.

పదకొండింటికి రెండు నిమిషాలుండగా తలుపు చప్పుడైంది.

"రామ్ రామ్ జీ," అన్నాడు వచ్చినాయన. యాభై దాటిన మనిషి. బూడిదరంగు స్వెట్టరు, చంకలో ఫైలు, ముక్కు కింద బరువైన మీసం. మెడలో కార్డు మీద కె. రావ్ అని ఉంది.

"మనవాళ్ళా?" అంది పెర్సిస్ తెలుగులో, తల్లి భుజం వెనకనుంచి.

"కాదులే. గుర్గావ్ వైపు కూడా రావులుంటారు. ఆ పలకరింపు వినలా?" అంది మార్త.

పరాయివాళ్ళ ముందు తెలుగు ఆ తల్లీకూతుళ్ళకి కర్టెన్ లాంటిది. ఇంట్లో హిందీ వదలని పెర్సిస్, కూరగాయల బండి దగ్గరో ఆటోలోనో చటుక్కున తెలుగులోకి దూరేది. సాలొమోను నేర్పిన విద్య అది. బేరం తెలుగులో మాట్లాడుకో, ధర హిందీలో చెప్పు అనేవాడు.

అధికారి సోఫాలో కూర్చోలేదు. బాల్కనీలో ఇంకా దించని క్రిస్మస్ నక్షత్రాన్ని ఒకసారి చూసి, పని మొదలుపెడతానని హిందీలో చెప్పి, బూట్లు విప్పకుండానే వంటింట్లోకి నడిచాడు.

"బూట్లు చూడు మమ్మీ! పొద్దున్నే తుడిచా."

"ఊరుకో. టీ పెట్టు."

"చక్కెర వెయ్యనా? మొహం చూస్తే షుగరున్నట్టుంది. ఆ మీసమేంటి, బాత్రూం బ్రష్షులాగా!"

"నోరు మూసుకోమన్నానా?" అంది మార్త. ఎన్ని రోజుల తర్వాతో పెదవి చివర చిన్న నవ్వు కదిలింది, వెంటనే ఆగిపోయింది. ఆయన అప్పటికి స్టాండు మీది కంచాలు చూస్తున్నాడు. మూడు. అక్కణ్ణుంచి బాత్రూంలోకి వెళ్ళాడు. గ్లాసులో బ్రష్షులు మూడు. ఒకటి కొత్తది, పళ్ళు ఇంకా నిటారుగా ఉన్నాయి. ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

తర్వాత ఆ గది.

గుమ్మంలో ఒక క్షణం ఆగి, ఎందుకో ఈసారి బూట్లు బయట విప్పి లోపలికి వెళ్ళాడు. మంచం, దిండు, గోడకి వేలాడుతున్న బెల్టు, బల్ల మీద దువ్వెన, నూనె సీసా. సీసా ఎత్తి చూశాడు, నిండుగా ఉంది. బీరువా తెరవమన్నాడు.

లోపల ఒక పక్క పాత బట్టలు, మడతలు చెదరకుండా. ఇంకో పక్క కొత్త చొక్కాలు, ఒకదాని మీద ఒకటి. ఆయన పైదాన్ని తీశాడు. జేబులో కొట్టు వాళ్ళిచ్చిన బిల్లు అలాగే ఉంది.

"కరోల్ బాగ్. డిసెంబర్ పంతొమ్మిది," అని చదివి ఆమె వైపు తిరిగాడు. ఆయన హిందీలో తొందర లేదు. "పోయిన నెల కొన్నారు. ఎవరికి?"

"మా అబ్బాయికి."

"అబ్బాయి ఇక్కడే ఉంటాడా?"

మార్త చొక్కా ఆయన చేతిలోంచి తీసుకుని కాలరు తిప్పి చూపించింది. "గుండుసూదులు కూడా తియ్యలేదు సార్, చూడండి. ఎవరూ వేసుకోలేదు. క్రిస్మస్‌కి ఒకటి కొంటాను. ఏడు కొన్నాను. ముందు మూడూ ముప్పయ్యెనిమిది సైజు. తర్వాత నలభై. ఇది నలభై రెండు. ఆ వయసులో మనిషి ఒళ్ళు చేస్తాడు కదా."

ఆయన మిగతా చొక్కాల కాలర్లు కూడా తిప్పి చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సిస్టర్‌జీ, ఇరవయ్యేళ్ళుగా ఇళ్ళు తనిఖీ చేస్తున్నాను. మనిషిని దాచాలనుకునేవాళ్ళు ముందు సామాను దాస్తారు. చెప్పులు పక్కింట్లో ఉంటాయి, బట్టలు ట్రంకుపెట్టె అడుగున ఉంటాయి. మీ ఇంట్లో ఏదీ దాచలేదు. ఈ గది చూసినవాళ్ళెవరైనా ఒకటే రాస్తారు. కొడుకు ఇక్కడే ఉంటున్నాడు అని."

మార్త చొక్కా మడిచి బీరువాలో పెట్టింది. మంచం పట్టె పట్టుకుంది. ఏడేళ్ళూ ఆమె ఈ గదికి కాపలా కాసింది, వాడొస్తే చోటు ఉండాలని. ఇప్పుడు ఆ దుప్పటీ, ఆ దువ్వెనా, ఆ సూదులు తియ్యని చొక్కాలూ కట్టకట్టుకుని వాడి ఉద్యోగం మీదికి సాక్ష్యానికొచ్చాయి. వాడి కోసం ఆమె చేసిన ప్రతి పనీ వాడి మీద రాసిన ఫిర్యాదే అయింది.

"వో యహాఁ నహీ రహతా," అంది. అతనిక్కడ ఉండడంలేదు. గొంతు తేలిగ్గానే పలికింది. హిందీలో ఆ మాటకి బరువు లేదు.

"రాసివ్వండి."

"హిందీ రాయడం రాదు సార్."

"మీకు వచ్చిన భాషలో రాయండి. మా వాళ్ళు అనువాదం చేయించుకుంటారు." తెల్లకాగితం, పెన్నూ ఆమె ముందు పెట్టాడు.

మార్త వాడి బల్ల దగ్గరే కూర్చుంది. 'నా కొడుకు లెవి ఈ ఇంట్లో' అని రాసింది. పెన్ను ఆగిపోయింది.

తర్వాత రాయాల్సిన మాట సాలొమోనుది.

ఆ రోజు కూడా శనివారమే. రెండోసారి సివిల్స్ ప్రిలిమ్స్ పోయిందని, అంతకన్నా ముఖ్యం ఎనిమిది నెలలుగా లెవి కరోల్ బాగ్ కోచింగుకి వెళ్ళడమే మానేసి జిరాక్సు కొట్టులో పనిచేస్తున్నాడని తెలిసిన రోజు. టిఫిను దగ్గర కూర్చున్నారు. సాలొమోను అరవలేదు. చర్చిలో ప్రకటనలు చదివే గొంతుతోనే అన్నాడు. "నీకు లెవి అని పేరు పెట్టడం నాదే తప్పురా. లేవు అని పెట్టాల్సింది. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో నువ్వు లేవు." ఆ ప్రాస ఆయనకే నచ్చినట్టుంది, ఇంకోసారి అన్నాడు. "లెవి, లేవు!"

లెవి తండ్రి వైపు చూడలేదు. తల్లి వైపు చూశాడు.

మార్త యూనిఫారంలో ఉంది. ఏడూ నలభై బస్సు తప్పితే హాజరు పోతుంది. సాయంత్రానికి ఇద్దరూ చల్లబడతారులే అనుకుంది. టిఫిను డబ్బా మూత బిగించి, సంచి తగిలించుకుని మెట్లు దిగిపోయింది. సాయంత్రం వచ్చేసరికి వాడు లేడు. పది రోజుల తర్వాత హాస్పిటల్లో ఆ ఫారం చేతికిచ్చినప్పుడు వాడి పేరు రాసింది. ఆ పూట నోటితో అనాల్సిన మాట చేత్తో రాసింది. మా వాడు ఉన్నాడు అని. అప్పటి నుంచీ ప్రతి ఏప్రిల్లోనూ భర్తకి ఆమె చెప్పిన జవాబు అదే. ఆయన చూడని చోట, ఆయనకి తెలియకుండా.

ఇప్పుడు 'లేడు' అని రాస్తే సాలొమోను మాట కింద సంతకం పెట్టినట్టే.

అధికారి గడియారం చూసుకోలేదు, తొందరపెట్టలేదు. బయట పాతసామాన్లవాడి కేక దగ్గరకొచ్చి దూరమైంది. పెర్సిస్ టీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"రాసెయ్యి మమ్మీ," అంది తెలుగులో, మెల్లగా.

రాసింది. 'లేడు. ఏడేళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళాడు. ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు. ఫారంలో వాడి పేరు ఏటా నేనే రాశాను. వాడికి తెలియదు. తప్పు నాది.' సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితం ఆయన వైపు జరిపింది. గుండెలో వింతగా ఖాళీ అయింది. ఆపరేషన్ అయిపోయిన రోగికి మత్తు దిగకముందు ఉండే ఖాళీ లాంటిది. పోయేది క్వార్టరు, రేపో మాపో వదిలేదే. వాడి ఉద్యోగం మిగిలింది.

ఆయన కాగితం కళ్ళ ముందు చాలాసేపు ఉంచుకున్నాడు. రాని భాషని ఇంతసేపు ఏం చూస్తున్నాడా అనుకుంది. తర్వాత దాన్ని పక్కన పెట్టి, ఫైలు అడుగు నుంచి ఇంకో కాగితం తీశాడు.

"మీ స్టేట్‌మెంట్ తీసుకోకముందు దీన్ని చూపించకూడదు. అందుకే ఆగాను," అన్నాడు హిందీలో. "అలవెన్సు కోసం మీ అబ్బాయి ఇచ్చిన డిక్లరేషన్ ఇది. ఈ ఊళ్ళో తల్లిదండ్రులకి క్వార్టర్ ఉందా అని అడుగుతారు. ఉంటే ఆ వివరాలు రాయాలి. చూడండి ఏం రాశాడో."

మార్త కళ్ళజోడు సరిచేసుకుంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు. వాడి చేతిరాతే. తండ్రి పేరు ముందు లేట్ అని ఉంది. సరే. సాలొమోను పోయిన సంగతి వాడికి తెలిసిందన్నమాట, ఎవరు చెప్పారో అనుకుంది. కింది గడిలోకి వచ్చింది.

తల్లి పేరు: లేట్ శ్రీమతి మార్త.

ఆమె మళ్ళీ చదివింది. ముప్పైయేళ్ళ అలవాటు. కుడిచేతి వేళ్ళు వాటంతటవే ఎడమ మణికట్టు మీదికి వెళ్ళి నాడి వెతుక్కున్నాయి. కొట్టుకుంటోంది.

"తల్లీ తండ్రీ ఇద్దరూ లేనప్పుడు ఇక క్వార్టర్ ప్రశ్నే రాదు కదా," అంటున్నాడాయన. "అతను ఇక్కడ ఉండడంలేదని మీరు రాశారు. బాగుంది. ఆ ఒక్క మాటతో గట్టెక్కేవాడు. కాని మీ కాగితం కింద సంతకం పెట్టింది ఎవరు? అతని ఫారం ప్రకారం చనిపోయిన మనిషి. ఈ కాగితం నేను ఫైల్లో పెడితే ఇల్లు సంగతి అటుంచి, అసలు అబద్ధమే బయటపడుతుంది."

గదిలో వస్తువులన్నీ ఒక్కసారిగా ఆమెకి కొత్తగా కనిపించాయి. ఉతికిన దుప్పటీ, మూడో కంచమూ, ఏడు చొక్కాలూ. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో కనిపించకుండా తిరుగుతున్నది వాడనుకుంది. రోడ్డుకి అవతలి పక్క, వాడి ఇంట్లో, తనే అలా తిరుగుతోంది.

"ఇంకొకటి ఉంది," అన్నాడు అధికారి. "దీనికి సాక్షి సంతకం కావాలి. దగ్గరి బంధువుది." కాగితం అడుగున వేలు పెట్టాడు. "ఇది ఎవరిదో గుర్తుపట్టగలరా?"

గుర్తుపట్టనవసరం లేకుండానే టీ కప్పులు గలగలలాడాయి. పెర్సిస్ ట్రే బల్ల మీద పెట్టింది. సగం టీ సాసర్లలో ఉంది.

"ఎప్పుడు పెట్టావే?" అంది మార్త. తెలుగులోనే అంది. గొంతు పెంచలేదు. పరాయి మనిషి ముందు పెంచకూడదు.

పెర్సిస్ కూడా తెలుగులోకే దిగింది. తల్లి మొహంలోకి చూడకుండా, టీ కప్పులు సర్దుతూ, టీ గురించే మాట్లాడుతున్నట్టు గబగబా చెప్పేసింది. "ఏప్రిల్లో. ఇక్కడే, ఈ మంచం మీద కూర్చునే రాశాడు. నువ్వు మధ్యాహ్నం డ్యూటీకి పోయిన రోజుల్లో వస్తాడు. సంతకం పెట్టకపోతే ఇంక రానన్నాడు మమ్మీ. ఏడవకు. ఈయన పోయాక అన్నీ చెప్తాను. ఈయనకి అనుమానం రాకుండా మొహం మామూలుగా పెట్టు. నా సంతకం కాదని చెప్పు. ప్లీజ్."

"వాడు... ఇక్కడికి వస్తాడా?"

"మొహం మామూలుగా పెట్టమన్నానా?"

అధికారి పెన్ను మూత పెట్టాడు. కళ్ళజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకున్నాడు.

"ఎప్పటినుంచి వస్తున్నాడు తల్లీ?" అన్నాడు.

మొదట అది ఏ భాషో ఇద్దరికీ తట్టలేదు. తట్టాక పెర్సిస్ చేతిలోని చెంచా కింద పడింది.

"మాది పొన్నూరు అవతల," అన్నాడాయన. "కేశవరావు నా పేరు. తనిఖీకి వెళ్ళినప్పుడు తెలుగువాణ్ణని చెప్పనమ్మా. చెబితే మీదే ఊరంటారు, కాఫీ ఇస్తారు, ఎక్కడో చుట్టరికం కలుస్తుంది. ఆ తర్వాత రాయాల్సింది రాయలేను. ఇవాళ చెప్పకుండా ఉంటే బాగుండేది, కాని ఈ పిల్ల ఇంకా ఏమేం చెప్పేస్తుందోనని భయమేసింది." టీ కప్పు పక్కకి జరిపాడు. "షుగరుంది, నువ్వన్నది నిజమే."

పెర్సిస్ మొహం కందిపోయింది. "సారీ అంకుల్," అంది వినీ వినపడకుండా.

"అడిగినదానికి చెప్పు. ఇక్కడ ఎప్పుడైనా రాత్రి పడుకున్నాడా?"

"లేదు అంకుల్. గంట కూర్చుంటాడు. టీ తాగి వెళ్ళిపోతాడు."

"గంట కూర్చున్నవాడు ఇంట్లో ఉంటున్నట్టు కాదు. అది నేను చూసుకుంటాను." మార్త రాసిన కాగితం ఆమె ముందుకి జరిపాడు. "గడప తొక్కలేదు అని రాశారు చూడండి. దానికి ముందు 'నాకు తెలిసినంతవరకు' అని చేర్చండమ్మా. మీరు అబద్ధం చెప్పినట్టు ఉండకూడదు."

ఆమె చేర్చింది. ఏ అక్షరం రాస్తోందో ఆమెకి తెలియడంలేదు.

కేశవరావు లేచాడు. "సోమవారం పదకొండింటికి ఈ ఫైలు మా పైవాళ్ళ బల్ల మీద పెట్టాలి. పెట్టకుండా ఉండలేను. కాని మా ఆఫీసు తొమ్మిదింటికే తెరుస్తారు. ఆ రెండు గంటల్లో మీవాడే వచ్చి, నేను తప్పు రాశాను, మా అమ్మ బతికే ఉంది, ఫలానా క్వార్టర్లో ఉంది అని తన చేత్తో రాసిస్తే అది దిద్దుబాటు. గట్టిగా మందలించి వదిలేస్తారు. ఈ అమ్మాయి సంతకం సంగతి కూడా అక్కడితో పోతుంది. నా ఫైలు ముందు వెళితే మాత్రం అది మోసం. ఉద్యోగం ఉండదు. వెళ్ళి మాట్లాడండి." గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ తలెత్తకుండా అన్నాడు. "ఒక్క లైనేనమ్మా. రాస్తాడు లెండి."

తలుపు వేశాక కూడా మార్త అక్కడే నిలబడి ఉంది. వాడొచ్చాడు. ఈ మంచం మీద కూర్చున్నాడు. ఈ మాట ఇంకా లోపలికి దిగడంలేదు.

"కేశవరావుగారు అడిగిందానికి నువ్వు జవాబు చెప్పలా," అంది. "ఎప్పటినుంచి వస్తున్నాడు?"

"డాడీ పోయినప్పటి నుంచి."

"రెండేళ్ళా?"

పెర్సిస్ తల ఊపింది.

మార్త నెమ్మదిగా సోఫాలో కూర్చుంది. వాడు సాలొమోనుకి భయపడి, సాలొమోను మాటకి రోషపడి రావడంలేదని కదా తాను అనుకుంటూ వచ్చింది! సాలొమోను లేకపోయాక వాడు వచ్చాడు. రెండేళ్ళు వచ్చాడు. గోడకి తగిలించిన ఆమె డ్యూటీ చార్టు చూసుకుని, ఆమె లేని పూటలు ఏరుకుని వచ్చాడు.

అయినా లేచింది. శాలువా భుజాల మీద వేసుకుంది. ఈసారి బ్రిడ్జి మధ్యలో ఆగేది లేదు.

"పద. నీకు ఇల్లు తెలుసుగా. వాడు నాతో మాట్లాడక్కర్లా, నా మొహం చూడక్కర్లా. ఆ ఒక్క లైను రాస్తే చాలు. ఆ అలవెన్సు పోతే పోయిందని చెబుదాం. ఆ నాలుగు డబ్బులు నేనిస్తానని చెబుదాం."

పెర్సిస్ కదల్లేదు.

"రాయడు మమ్మీ."

"ఉద్యోగం పోతుందంటే ఎందుకు రాయడే?"

పెర్సిస్ వచ్చి తల్లి శాలువా అంచు పట్టుకుంది, చిన్నప్పుడు బస్‌స్టాపులో పట్టుకున్నట్టు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"అలవెన్సు కోసం అట్లా రాశాడనుకుంటున్నావా నువ్వు?"